గోడల్లేని బడిలో మా అమ్మాయి: ఏడాది తర్వాత నా రివ్యూ

నాలుగేళ్లు నిండగానే మా అమ్మాయిని చెట్ల కింద నడిచే బడిలో వేశాం. ఏడాది అయింది. "ఎలా ఉంది, మా పిల్లల్ని వెయ్యొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నాను.

చేర్చేముందు ఒక పూట ఉండి చూడమన్నారు. పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. రెండు గంటల సేపు పాఠం అనదగ్గది ఏదీ జరగలేదు. ఒక కుర్రాడు కర్రతో తడిమట్టిలో గుంట తవ్వుతూనే ఉన్నాడు. మా అమ్మాయి ఒక రాయి ఎత్తితే కింద రోకలిబండ ఉంది. ముట్టుకోగానే చుట్టచుట్టుకుపోయింది. "టీచర్, చచ్చిపోయిందా?" అని అడిగింది. నేనైతే వెంటనే, "లేదమ్మా, భయపడి ముడుచుకుంది" అని చెప్పేసేదాన్ని. ఆవిడ మాత్రం "ఏమో, చూద్దామా?" అంటూ పక్కనే గొంతుకూర్చున్నారు. అది విప్పుకుని మళ్లీ నడక మొదలుపెట్టేదాకా ఇద్దరూ కదల్లేదు. ఇంట్లో రెండు నిమిషాలు ఒక్కచోట కూర్చోని పిల్ల! నిలబడి చూస్తున్న నాకే కాళ్లు పీకాయి.

ఫీజు దేనికి కడుతున్నామో ఆరోజు అర్థమైంది. చెట్లు ఎక్కడైనా ఉంటాయి, తొందరపెట్టని టీచరు దొరకడమే కష్టం.

మా ఆయన ఒప్పుకున్న కారణం వేరు. చిన్నప్పటి నుంచీ ఆయనవి సోడాబుడ్డి కళ్లద్దాలు. చైనాలో గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్లలో దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సమస్య వాళ్లలో 30.4 శాతం మందికి వచ్చింది, అలా చెయ్యని బడుల్లో 39.5 శాతం మందికి. 2015లో వెలువడిన ఆ ఫలితాలు చదివాక ఇంక మారుమాట్లాడలేదు.

భద్రత గురించి నాకున్న టెన్షన్ చాలావరకు పోయింది. ఎక్కడిదాకా వెళ్లొచ్చో చెట్లకి ఎర్ర గుడ్డలు కట్టి ఉంటాయి. ఈల వేస్తే అందరూ వెనక్కి రావాలి. చెట్టు ఎక్కడానికి ఒకటే నియమం: సొంతంగా ఎక్కగలిగినంతే, ఎవరూ ఎత్తి ఎక్కించరు. మా అమ్మాయి ఐదు నెలలు మొదటి కొమ్మ కిందే ఆగిపోయింది. ఆరో నెలలో ఎక్కింది. మొన్న వాళ్ల తాతయ్యకి క్లాసు పీకింది: "చేతులు తడి చేసుకుని పట్టుకో తాతయ్యా, వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది." అక్షరాలంటారా, తన పేరు మట్టిలో పుల్లతో రాస్తుంది, అందులో ఒకటి ఇంకా తిరగేసే. ఈ వయసుకి వాక్యాలు రాసెయ్యాలనుకుంటే ఇక్కడ వెయ్యకండి, రోజూ గొడవే.

ఇక ఇబ్బందులు. ఉరుములు మొదలైతే పిల్లల్ని రేకుల షెడ్డులోకి చేర్చి, వచ్చి తీసుకెళ్లమని ఫోన్ చేస్తారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అదెంత కష్టమో వాళ్లకి పట్టదు. బాత్రూమ్ ఒక్కటే, అదీ దూరం. బట్టల మరకల సంగతి చెప్పక్కర్లేదు.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం ఏడాది మధ్యలో. రోకలిబండ దగ్గర కూర్చున్న ఆ టీచర్ మానేశారు. కొత్తావిడ వచ్చాక రోజుకో ప్రింటు కాగితం ఇంటికి రావడం మొదలైంది, ఆకు బొమ్మకి పచ్చరంగు వేసి. నెత్తిమీద చెట్టు నిండా ఆకులుండగా! కిండర్‌గార్టెన్ అంటే జర్మన్‌లో పిల్లల తోట. 1840లో ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ పిల్లలకి తలా ఒక మడి ఇచ్చి మొక్కలు పెంచనిచ్చాడు. ఆ మడి చివరికి రంగులేసే కాగితమైపోయిందన్నమాట. వెళ్లి అడిగితే, "పిల్లలు ఇవాళ ఏం చేశారో చూపించమని పేరెంట్సే అడుగుతున్నారండీ" అన్నారు. నిజమే, మొదటి నెలలో అలా అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

మీరు చూడ్డానికి వెళ్తే వాన పడిన మర్నాడు వెళ్లండి. పిల్లలు బురదలో ఉన్నారా, షెడ్డులో ఉన్నారా అన్నది చాలు. టీచర్లు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో కూడా అడగండి.

మేం రెండో ఏడాదికీ కట్టాం. కట్టేముందు, ఆకుల కాగితాలు ఇంకా ఉంటాయా అని అడిగాను. "తగ్గిస్తాం" అన్నారు. ఉండవు అని మాత్రం అనలేదు.