పసుపు వైరు సరిచేశాక నా కారు స్టీరియో

కారు స్టీరియోలో నాకు కావాల్సింది ఒక్కటే: ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మొదలవ్వాలి. నేను వినేవి ఎక్కువగా అష్టావధానాలు. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి, ఏ యాప్‌లోనూ దొరకనివి. ఒక్కో ఫైలు మూడు గంటలు. ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలి చేరేసరికి సగం కూడా అవదు. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ఒక పాదం ఇచ్చి దానితో పద్యం పూర్తి చేయమంటే అది సమస్య. అవధాని దానికి ఒక ఆవృత్తిలో, అంటే ఒక చుట్టులో, ఒక్క పాదమే చెబుతారు. మిగతా పృచ్ఛకుల దగ్గరికి వెళ్లొచ్చాకే రెండో పాదం. మధ్యలో కాస్త జారిపోయినా పద్యం దక్కదు.

క్యాసెట్‌తో ఈ బాధే లేదు. కారులోంచి తీసి ఇంట్లో టేప్ రికార్డర్‌లో వేసినా ఆగిన చోటి నుంచే వచ్చేది. ఎంపీ3 సీడీలు వచ్చాక నా పాత సెట్‌కు ట్రాక్ గుర్తుండేది, నిమిషం గుర్తుండేది కాదు. అలా పొడుగువి మానేసి పాటల్లో పడ్డాను, ఇష్టమై కాదు.

అందుకే ఈ యూఎస్‌బీ స్టీరియో ఆపిన మాట దగ్గరే మొదలుపెడుతుంటే కనబడ్డవాళ్లందరికీ కొనమని చెప్పాను. రివర్స్ కెమెరా పెట్టించాక దానికి మతిమరుపు వచ్చింది. సమస్య మూడో పాదం కోసం ఎదురుచూస్తూ పెట్రోల్ బంకులో ఇంజన్ ఆపానా, మళ్లీ తాళం తిప్పితే ప్రార్థన శ్లోకం! స్క్రీన్ మీద వేలితో జరిపితే రవ్వంతకే ఐదారు నిమిషాలు దూకుతుంది. బండి నడుపుతూ చేసే పని కాదది. పెన్‌డ్రైవ్ మార్చినా లాభం లేదు.

చివరికి మలక్‌పేటలో ఒక ఎలక్ట్రీషియన్ "గడియారం కూడా పోతున్నదా అన్నా?" అని అడిగాడు. అవును, ప్రతిసారీ 12:00. సెట్ బయటికి లాగి చూపించాడు. ఎర్ర వైరుకు తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది. పసుపుది నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, సెట్ జ్ఞాపకమంతా దాని మీదే. కెమెరా బిగించినవాళ్లు రెండూ కలిపి తాళం తిప్పితే వచ్చే కరెంటుకే మెలేశారు. విడదీసి కలపగానే పద్యం ఆగిన పాదం దగ్గరే అందుకుంది. ఎంత ఆనందమేసిందో!

అయినా మొదట పొగిడినంత గొప్పదేం కాదు. పెన్‌డ్రైవ్ పీకితే చోటు మరిచిపోతుంది. 64 జీబీవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, వాటిని చదవదు. 32 జీబీది పాత ఫార్మాట్ ఫ్యాట్32లో వాడుతున్నాను. పాటలే వినేవాళ్లకు ఫోన్, బ్లూటూత్ చాలు, దీనికి ఖర్చు పెట్టక్కర్లేదు. నాలాగా పొడుగువి వినే అలవాటు, దూరం ఆఫీసు ఉంటే మాత్రం ఆలోచించండి. బిగించాక షాపు ముందే తాళం తీసి, మళ్లీ పెట్టి చూసుకోండి.