పది రోజుల మిషన్ ట్రిప్పా, ఏళ్ల తరబడి సేవా, టికెట్ డబ్బు పంపడమా: ఏది మేలు?

"అక్కా, పద్నాలుగు మంది విమానం టికెట్ల డబ్బు అక్కడి ఆస్పత్రికే పంపేస్తే పోదా? మనం వెళ్లి చేసేదేముంది?" పోయిన జనవరిలో మా చర్చి సంఘంలో ఒక తమ్ముడు అడిగాడు. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అప్పుడు నేనేమీ చెప్పలేకపోయాను.

నేను పుట్టింది గుంటూరు దగ్గర. ఇప్పుడు టెక్సాస్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. రెండు వేసవులు వరుసగా మధ్య అమెరికాలోని గ్వాటెమాలా కొండల్లో ఒకే ఊరికి మెడికల్ మిషన్ ట్రిప్‌కి, అంటే సంఘం తరఫున కొద్దిరోజులు వెళ్లి వైద్యం చేసి రావడానికి, వెళ్లాను. అక్కడివాళ్లు మాయా జాతి వాళ్లు, ఇళ్లలో మాట్లాడేది కిచే భాష. నేను ఇంగ్లీషులో అడిగితే ఒకరు స్పానిష్‌లోకి, ఇంకొకరు కిచేలోకి మార్చేవారు. "నొప్పి ఎప్పటినుంచి?" అని అడిగితే అటువైపు అయిదు నిమిషాలు మాట్లాడుకుని, చివరికి "చాలా రోజులుగా" అనే ఒక్క ముక్క నా దాకా వచ్చేది.

పది రోజుల ట్రిప్ అంటాం గానీ రానుపోను ప్రయాణం, మందులు సర్దుకోవడం, ఆదివారం ఆరాధన, చివర్లో ఊరు చూడటం తీసేస్తే క్లినిక్ నడిచేది అయిదు రోజులే. నులిపురుగుల మందు ఇవ్వడానికి, పుండ్లకు కట్లు కట్టడానికి, కళ్లద్దాలు పంచడానికి అయిదు రోజులు చాలు. బీపీకి, షుగర్‌కి చాలవు. ఆ సంగతి నాకు బాగా అర్థమైంది రెండో ఏడు.

మొదటి ఏడు ఒక పెద్దావిడకు నేనే బీపీ చూసి ముప్పై రోజుల మాత్రలు ఇచ్చాను. మరుసటి ఏడు ఆవిడ మళ్లీ వచ్చింది. శాలువా కొంగులోంచి ఖాళీ మాత్రల కవరు తీసి నా చేతిలో పెట్టింది. నేను రాసిచ్చిన కవరే, సంవత్సరమంతా భద్రంగా దాచుకుంది. మందు అయిపోయింది కాబట్టి జబ్బు కూడా అయిపోయిందనుకుందట. బీపీ 190/110 ఉంది. మొదటి ఏడు తిరిగొచ్చాక సంఘంలో నేను సాక్ష్యం చెప్పాను, "దేవుడు మమ్మల్ని వాడుకున్నాడు" అన్నాను. ఆ కవరు చూశాక ఆ మాట గుర్తొచ్చి చాలా బాధపడ్డాను.

అలాగని ట్రిప్‌లు దండగ అనలేను. నా విశ్వాసానికి అక్కడ జరిగినంత మేలు ఇరవై ఏళ్ల ఆదివారాల్లో జరగలేదు. కాలేయం పాడై, కడుపులో నీరు చేరిన ఒకాయన్ని మోసుకొచ్చారు. మా దగ్గర ఆయనకు పనికొచ్చేదేదీ లేదు. నేను పనిచేసే చోట ప్రతిదానికీ ఒక మెషిన్ ఉంటుంది, ఒక ఫోన్ నంబరు ఉంటుంది. అక్కడ ఊరికే నిలబడిపోయాను. ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం ఆయన చుట్టూ కూర్చుని పాటలు పాడి, ప్రార్థన చేశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నేను క్షేమంగా ఇల్లు చేరాలని నా తలమీద చేతులుంచి ప్రార్థించారు. నేనేమో వాళ్లకోసం ప్రార్థించడానికి వచ్చాననుకున్నాను. "మాల్ట్యోష్" అన్నాను. కిచేలో అది కృతజ్ఞత చెప్పే మాట, నాకొచ్చిన ఒకే ఒక్క మాట.

ఇక ఏళ్ల తరబడి ఉండిపోయే సేవ. దాని ఫలం తిన్నవాళ్లం మనమే. అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మొదట ఆమెను డాక్టరుగా కాదు, ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పడానికే పంపారు. అయినా వైద్యం మానలేదు. ఆస్పత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. అంటే పదిహేనేళ్లు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. చిత్తూరు, తిరుపతి వాళ్లకు రాయవేలూరు ఆస్పత్రి కూడా అలాంటిదే. ఐడా స్కడర్ 1900లో చిన్నగా మొదలుపెట్టి, 1918లో ఆడపిల్లలకు వైద్యవిద్య నేర్పడం ప్రారంభించారు. ఆమె వెళ్లిపోయినా పని ఆగలేదు, ఎందుకంటే చేసేవాళ్లు అక్కడే తయారయ్యారు. రోగికీ, ఊరికీ దీన్ని మించిన మేలు లేదని నా నమ్మకం. కానీ పిల్లల చదువులు, ఇంటి లోను ఉన్న నాలాంటివాళ్లను ఇప్పుడే అన్నీ వదిలేసి వెళ్లమంటే అది అందరివల్లా కాదు. ఆ పిలుపు వచ్చినవాళ్లు ఆలస్యం చేయకూడదు, అంతే.

డబ్బు పంపడం గురించి తమ్ముడు చెప్పింది చాలావరకు నిజం. మా తలకు సుమారు 2,000 డాలర్లు అయ్యాయి. పద్నాలుగు మందికి 28,000. అక్కడి క్లినిక్‌లో ఏడాదంతా ఉండే నర్సుకు భాష వచ్చు, దారులు తెలుసు, ఎవరి మాత్రలు ఎప్పుడు అయిపోతాయో తెలుసు. కానీ ఆ ఊళ్లో ఎవరికి ఏం కావాలో వెళ్లి చూసినవాళ్లకే తెలిసింది. నేను వెళ్లకపోతే ఆ ఖాళీ కవరు నా చేతికి వచ్చేది కాదు.

బైబిల్లో యేసు చెప్పిన మంచి సమరయుని కథ, దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఒక పరాయివాడు ఆదుకున్న కథ, చిన్నప్పటినుంచి వింటున్నదే. ఈసారి దాని చివరి భాగం దగ్గర ఆగిపోయాను. అతను దారినపోయేవాడు, అక్కడ ఉండిపోలేదు. కానీ గాయాలు కట్టి వదిలేయలేదు. పూటకూళ్లవాడికి అప్పగించి, రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. మనం చేసే ట్రిప్‌లలో లేనిది ఆ పూటకూళ్లవాడే. యేసు కూడా సమరయుల ఊళ్లో రెండు రోజులే ఉన్నాడు, సువార్త చెబుతూ తిరిగిన పౌలు కొరింథు పట్టణంలో ఏడాదిన్నర ఉన్నాడు. రోజుల లెక్క కంటే, మన వెనక ఎవరికి అప్పగించి వస్తున్నామన్నదే నాకు ముఖ్యంగా తోస్తోంది. అందుకే ఏటా ఒక కొత్త దేశం వెళ్లే ట్రిప్‌లకు నేనిక వెళ్లను. అక్కడ స్థిరంగా ఉన్న క్లినిక్ అడిగితేనే, అదే ఊరికి, వాళ్లు చెప్పిన పనికే వెళ్తాను.

తమ్ముడికి ఇదే చెప్పాను. సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడాం. ఈ ఏడు పద్నాలుగు మందికి బదులు నలుగురం వెళ్తున్నాం, అందులో అతనూ ఉన్నాడు. మిగిలిన డబ్బు క్లినిక్‌కి పంపాం: ఏడాదికి సరిపడా బీపీ, షుగర్ మాత్రలకూ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త జీతానికీ. మన ఊళ్లలో ఆశా వర్కర్ లాంటి మనిషి ఆమె. ఒక రిజిస్టర్ పెట్టుకుంది. పోయిన నెల దాని మొదటి పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపింది. పై వరసలోనే ఆ పెద్దావిడ పేరు, పక్కన 138/86.