ఉయుని: ఉప్పు హోటల్ కన్నా కినోవా ఊరే నయం

బొలీవియా వెళ్లినవాళ్లంతా ఉయుని ఉప్పు మైదానం ఫొటోలే పెడతారు. నేనూ పెట్టాను. అయితే ఏప్రిల్‌లో వెళ్తే మాత్రం ఉత్తరపు ఒడ్డున, తునుపా అగ్నిపర్వతం కింద ఉన్న హిరిరా దాకా వెళ్లి రండి. అప్పుడు అక్కడ కినోవా కోతలు; మన చిరుధాన్యాల్లా వండుకునే గింజ అది.

ఉయుని పట్టణంలో ఒక్క రాత్రి చాలు. 3,600 మీటర్ల పైనే ఎత్తు కదా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కోకా ఆకుల టీ ఇచ్చారు; తలనొప్పి కాస్త తగ్గింది, నిద్ర మాత్రం పట్టలేదు. జీపు మాట్లాడుకున్న చోట శాకాహారమని మూడుసార్లు చెప్పాను. మూడు పూటలా కోడిగుడ్డే వచ్చింది.

రెండో రాత్రి ఉప్పు హోటల్లో. గోడలు, బల్లలు, మంచం అన్నీ ఉప్పు దిమ్మెలే. వేడినీళ్లు, మెత్తటి పరుపు, వంక పెట్టడానికి లేదు. కానీ కినోవా పండే గడ్డ మీద పళ్లెంలో ఓ మూలకి ఒక్క గరిటెడు వడ్డించారు. కట్టిన డబ్బుకి మనసొప్పలేదు.

హిరిరాలో ఐమారా ఆదివాసీ కుటుంబం ఇంటి వెనక గది. హీటర్ లేదు, స్నానం ఊసే లేదు. నాలుగు రగ్గులు కప్పుకున్నా ముక్కు గడ్డకట్టింది. పొద్దున్నే పెస్కే పెట్టారు: కినోవా మెత్తగా ఉడికించి, పాలూ చీజూ కలిపింది. జారుగా వండిన కొర్రన్నంలా ఉంది, మళ్లీ పెట్టించుకున్నాను. సూప్‌లో మాత్రం లామా (ఒంటె జాతి జంతువు) మాంసం వేస్తారు, ముందే అడగండి.

చేలో ఎరుపు, పసుపు, ఊదా కంకులు. అరకొర వానలకు, ఇసుక నేలలో, లామా పెంటే ఎరువుగా పండుతుంది. గింజ పైపొర చేదు, పిట్టలు అంతగా ముట్టవు. ఆ చేదు పోగొట్టడానికి ఇంటావిడ వేయించిన గింజల్ని రాతి తొట్టిలో పోసి, తెల్లమట్టి చల్లి, అందులో నిలబడి కాళ్లతో తొక్కింది. గాలికి తూర్పారబట్టి కడిగితే ఒకటే నురగ. ఆ చేదుకి, నురగకి కారణం సపోనిన్లనే పదార్థాలు. మన కుంకుడుకాయలో నురగ వచ్చేదీ వాటి వల్లే. అమ్మకానికి పోయే సరుకు మిల్లుకెళ్తుంది. ఈ తొక్కుడు ఇంటి తిండికి.

ఐక్యరాజ్యసమితి 2013ని కినోవా సంవత్సరంగా ప్రకటించిన రోజుల్లో ధర ఆకాశంలో ఉండేది. తర్వాత పెరూలో సాగు పెరిగి పడిపోయింది. ఊళ్లో ఏ తలుపు చూసినా తాళమే; గిట్టుబాటు కాక జనం ఊరొదిలారని అప్పుడర్థమైంది.

వచ్చేటప్పుడు ఒక సంచీ పీతో కొన్నాను. వేయించిన కినోవా పిండి, అచ్చం మన పేలపిండే. లా పాస్ నగరానికి వెళ్లే బస్సులో నీళ్లలో కలుపుకుని తాగాను. ఆ పూటకి గుడ్డు తప్పింది.