అమ్మానాన్నల గ్రీన్ కార్డుకు అమెరికా లాయర్: గుంటూరు నుంచి ఏళ్ల తరబడి వాడి చూశాక

పిటిషన్ వేసిన నాటి నుంచి, కార్డు వచ్చి దాన్ని నిలబెట్టుకునే దశ దాకా ఒకే లా ఆఫీసు సేవ వాడాం. ఇద్దరు లాయర్లు, కాగితాల పని చూసే ఒక పారాలీగల్ (లాయర్ల సహాయకుడు) ఉన్న చిన్న ఆఫీసు. గంటల లెక్క కాదు, కేసు మొత్తానికి ఫ్లాట్ ఫీజు. ఏళ్లు గడిచాక మా అభిప్రాయం ఇది: ఫారాలు నింపించుకోవడానికే అయితే లాయర్ ఫీజు దండగ. గ్రీన్ కార్డు అసలు తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి, కాగితాల్లో పేర్లు కలవనప్పుడు, కార్డు వచ్చాక ఇక్కడే ఎక్కువ నెలలు ఉండాల్సి వచ్చినప్పుడు మాత్రం మంచి లాయర్‌కు ఎంత ఇచ్చినా తప్పులేదు.

ముందు లాయర్‌ను వెతకడం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా కనిపించే కన్సల్టెన్సీలకు ఎక్కువగా స్టూడెంట్ వీసాలే తెలుసు. అమెరికా ఇమిగ్రేషన్ విషయంలో న్యాయసలహా ఇచ్చే అర్హత అక్కడి ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సున్న లాయర్‌కు, లేదా అక్కడి న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధికి మాత్రమే ఉంటుంది. ఇమిగ్రేషన్ కేంద్ర చట్టం కాబట్టి అమ్మాయి న్యూజెర్సీలో ఉన్నా టెక్సాస్ లాయర్ చాలు. పక్క వీధిలో వెతకక్కర్లేదు. లాయర్ పేరును ఆ రాష్ట్ర బార్ (లాయర్ల నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో కొట్టి చూడండి. లైసెన్సు ఇప్పుడు చెల్లుబాటులో ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది అక్కడే కనిపిస్తుంది. డబ్బు కట్టే ముందు జీ-28 ఫారం మీద సంతకం చేస్తారా అని అడగండి. ఈ కేసులో మీ తరఫున నిలబడేది నేనే అని లాయర్ ప్రభుత్వానికి చెప్పే ఫారం అది. 'మేం నింపి ఇస్తాం, సంతకం మీరు పెట్టుకోండి, మా పేరు ఎక్కడా రాయొద్దు' అన్నారంటే లేచి వచ్చేయండి.

తొలి సంప్రదింపుకు ఫీజు ఉంటుంది, కేసు తీసుకుంటే అందులో సర్దుతారు. లాయర్ ఎలాంటివాడో ఆ అరగంటలోనే తెలిసిపోతుంది. మా లాయర్ అడిగిన మొదటి ప్రశ్న: 'తల్లిదండ్రులు ఏడాదికి ఎన్ని నెలలు అమెరికాలో ఉండదలచుకున్నారు?' మనుమల కోసం ఏడాదికి నాలుగు నెలలు వెళ్లొచ్చేవాళ్లకు విజిటర్ వీసాయే మేలని, గ్రీన్ కార్డు ఉన్నది అక్కడ కాపురం ఉండేవాళ్ల కోసమని తేల్చి చెప్పాడు. ఈ ప్రశ్న అడగకుండా ఫీజు రేటు చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఇంకో మాట కూడా ముందే చెప్పాడు: ఒకసారి ఐ-130 (తల్లిదండ్రుల గ్రీన్ కార్డు కోసం బిడ్డ వేసే) పిటిషన్ వేశాక విజిటర్ వీసా కొత్తగా తీసుకోవడం కష్టం, శాశ్వతంగా ఉండిపోయే ఉద్దేశం కాగితం మీదే కనిపిస్తుంది కాబట్టి.

అర్హత సంగతి క్లుప్తంగా. స్పాన్సర్ చేసే బిడ్డ అమెరికా పౌరుడై, 21 ఏళ్లు నిండి ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్న బిడ్డ తల్లిదండ్రులను స్పాన్సర్ చేయలేడు. అమ్మకొకటి, నాన్నకొకటి విడివిడిగా పిటిషన్లు. ఇంట్లో పెళ్లికాని చిన్నవాడుంటే తల్లిదండ్రుల పిటిషన్‌లో వాడు రాడు. చాలా ఇళ్లలో ఇది ముంబైలో జరిగే వీసా ఇంటర్వ్యూ దగ్గరికొచ్చాక గానీ తెలియదు. ఊరట ఏమిటంటే తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు, క్యూ లేదు. అదే తోబుట్టువుల కోటాలో భారతీయులకు ఇప్పుడు నడుస్తున్నవి 2006 ప్రాంతంలో వేసిన పిటిషన్లు. 2024 ఏప్రిల్‌లో మారిన రేట్ల ప్రకారం ఒక్కో పిటిషన్‌కు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. తర్వాత నేషనల్ వీసా సెంటర్‌కు (ఇంటర్వ్యూకు ముందు ఫీజులు, కాగితాలు తీసుకునే అమెరికా ప్రభుత్వ ఆఫీసు) ఒక్కొక్కరికి 325, ఆర్థిక హామీ పరిశీలనకు 120, వీసా వచ్చాక కార్డు కోసం 235. ఇవన్నీ లాయర్ ఫీజుకు అదనం.

అసలు శ్రమంతా కాగితాల దగ్గరే. తల్లి పిటిషన్‌కు బిడ్డ జనన ధ్రువపత్రం కావాలి, అందులో తల్లి పేరుండాలి. తండ్రికైతే దాంతో పాటు పెళ్లి సర్టిఫికెట్ కూడా. మన వైపు 1980ల నాటి మున్సిపల్ రిజిస్టర్ నకలు తీయిస్తే పుట్టిన తేదీ, ఆస్పత్రి, తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఉంటాయి, బిడ్డ పేరు గడి మాత్రం చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. బారసాల కాకముందే నమోదైపోతుంది, తర్వాత ఎవరూ వెళ్లి పేరు రాయించరు. పదో తరగతి సర్టిఫికెట్ జత చేసి రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టి పేరు ఎక్కించుకోవాలి. ఈ పని పిటిషన్ వేశాక కాదు, ముందే చేయించుకోవాలి.

అమ్మల పేర్లది ఇంకో చిక్కు. రిజిస్టర్‌లో 'సీతమ్మ', పాస్‌పోర్టులో 'సీతామహాలక్ష్మి'. పాత ఎస్‌ఎస్‌ఎల్‌సీ పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు, అదీ ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో అత్తింటిది. మా లాయర్ ఆఫీసు చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇక్కడే కనిపించింది. ప్రతి కాగితంలో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా ఒక పట్టిక వేసి, ఆ రూపాలన్నీ ఐ-130లో 'వాడిన ఇతర పేర్లు' గడిలో రాశారు. దానికి తోడు ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివి అన్న నోటరీ అఫిడవిట్. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఇంకో గడిలో ఉంటుంది. అలా వెళ్తే వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు) అని పడుతుంది. సోషల్ సెక్యూరిటీ నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అది వెంటాడుతుంది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260 నింపకముందే పాస్‌పోర్టు సరిచేయించండి.

జనన మరణాల నమోదు చట్టం అమల్లోకి వచ్చిన 1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టిన పెద్దలకు జనన ధ్రువపత్రం దొరక్కపోతే, రికార్డు లేదన్న సర్టిఫికెట్, దాంతో స్కూల్ రికార్డు, వయసులో పెద్దవాళ్లయిన బంధువుల అఫిడవిట్లు పెడతారు. ఇప్పుడు కొత్తగా లేటు రిజిస్ట్రేషన్ చేయిస్తే దాని మీద నమోదు తేదీ నిన్నగాక మొన్నది ఉంటుంది. ఒక్కదాన్నే పెట్టి ఊరుకోకూడదు, పాత రికార్డు జతచేయాలి. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లీషు అనువాదం, కింద 'నాకు రెండు భాషలూ వచ్చు, అనువాదం సరైనది' అని అనువాదకుడి సంతకం ఉంటే చాలు. నోటరీ తప్పనిసరి అని కోర్టు దగ్గర డబ్బు వసూలు చేసేవాళ్ల మాట వినకండి.

ఈ ఆఫీసులో లోపాలు లేకపోలేదు. పిటిషన్ ఆమోదం పొంది ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్లాక లాయర్ కనుమరుగై, పారాలీగల్ చేతికి పోయింది. ఆర్థిక హామీ ఫారం ఐ-864లో కుటుంబ సభ్యుల లెక్కలో పిటిషనర్ పిల్లలను వదిలేశారు, సెంటర్ ఫైలు వెనక్కి పంపింది. లెక్క ఇలా ఉంటుంది: పిటిషనర్, భార్య లేక భర్త, పిల్లలు, వచ్చే తల్లిదండ్రులు అందరూ కలిపి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు అయితే ఆరుగురు. 2025 మార్గదర్శకాల్లో ఆరుగురికి కావాల్సిన ఏడాది ఆదాయం 53,937 డాలర్లు. అమెరికా పేదరిక రేఖకు 125 శాతం అది. ఈ హామీ విడాకులతో పోదు, వచ్చిన పెద్దలకు పౌరసత్వం వచ్చేదాకా లేదా 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ల) పని లెక్క పూర్తయ్యేదాకా ఉంటుందన్న మాట కూడా అల్లుళ్లకు, కోడళ్లకు లాయరే చెప్పాలి. మాకు అడిగితే తప్ప చెప్పలేదు.

అందుకే ఒప్పందంలో మూడు సంగతులు రాతపూర్వకంగా ఉండాలి: అదనపు ఆధారాలు అడిగితే జవాబు ఇచ్చే పని ఫీజులో ఉందా, వీసా సెంటర్ దశ ఉందా, ఫైలు పంపే ముందు లాయర్ స్వయంగా చదువుతాడా. ఐ-797 రసీదు నకలు అడిగి తీసుకుని, రసీదు నంబరుతో కేసు స్థితి మీరే చూసుకోండి. ముంబై కేసులకు బీఎంబీతో మొదలయ్యే నంబరు వస్తుంది. దాన్నీ, వీసా సెంటర్ ఇచ్చే ఇన్‌వాయిస్ నంబరునూ మీ దగ్గర రాసిపెట్టుకుంటే పారాలీగల్ సెలవులో ఉన్నా పని ఆగదు.

ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో, హైదరాబాద్‌లో కాదు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవ ద్వారా, 500 రూపాయలు. గల్ఫ్‌లో ఏడాదికి పైగా పనిచేసిన నాన్నలు ఆ దేశం నుంచి కూడా తెచ్చుకోవాలి. మెడికల్‌లో పెద్దలకు ఎదురయ్యేది ఛాతీ ఎక్స్‌రే. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా కఫం పరీక్షకు పంపుతారు, కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. ఇంటర్వ్యూ తేదీకి వారం ముందు మెడికల్ పెట్టుకుని టికెట్లు కొనేస్తే ఆ డబ్బు పోతుంది.

కార్డు వచ్చాక లాయర్ అవసరం తగ్గుతుందనుకుంటాం. నిజానికి పెరుగుతుంది. 'ఆరు నెలలకోసారి వెళ్లి ముఖం చూపించి వస్తే చాలు' అని మన ఊళ్లో అందరూ చెప్పే మాట తప్పు. 180 రోజులు దాటితే కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టు ప్రశ్నించవచ్చు. ఆరు నెలల లోపే తిరిగినా, కాపురం గుంటూరులోనే ఉందని అధికారికి అనిపిస్తే అదీ సమస్యే. ఏడాది దాటితే కార్డు ఒక్కటే చూపించి లోపలికి వెళ్లలేరు. ఎక్కువ కాలం ఇక్కడ ఉండాల్సిన అవసరం కనిపిస్తే రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి: ఐ-131 ఫారం, 630 డాలర్లు, గరిష్ఠంగా రెండేళ్లు. దీన్ని అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలూ అక్కడే. ఇక్కడికి వచ్చాక ఆన్‌లైన్‌లో వేద్దామంటే కుదరదు. విమానాశ్రయంలో అధికారి ఐ-407 మీద సంతకం పెట్టమంటే, అది కార్డు వదులుకున్నట్టు రాసివ్వడం. పెట్టనని, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అనే హక్కు ఉంది. ఈ ఒక్క మాట పెద్దవాళ్లకు తెలుగులో రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టివ్వండి.

పన్నుల దగ్గర మా లాయర్ చేతులెత్తేశాడు, సీపీఏను (అమెరికా లైసెన్సున్న అకౌంటెంట్) చూసుకోమన్నాడు. అది న్యాయమే, కానీ తొలి సంప్రదింపులోనే చెప్పి ఉండాల్సింది. కార్డు వచ్చాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా రిటర్నులో చూపాలి. మిర్చి పొలం కౌలుకు ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. ఏడాదిలో ఏ ఒక్కరోజైనా ఇక్కడి ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల నివేదిక) దాఖలు చేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లూ లెక్కలోకి వస్తాయి. పన్ను తగ్గుతుందని నాన్‌రెసిడెంట్‌గా రిటర్ను వేస్తే, నివాసం వదులుకున్నారనడానికి అదే సాక్ష్యమవుతుంది.

వైద్యం గురించి ఆశలు పెట్టుకునేవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. అక్కడ పని చరిత్ర లేని 65 దాటినవారు మెడికేర్ (పెద్దవయసువారికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే కార్డు మీద వరుసగా ఐదేళ్లు అక్కడ ఉండాలి. అప్పటిదాకా బీమా ఖర్చు పిల్లలదే.

ఇక ఉండలేం, తిరిగి వచ్చేస్తాం అనుకుంటే కార్డును మూల పడేయకుండా ఐ-407 పోస్టులో పంపి సక్రమంగా వదులుకోండి, దానికి ఫీజు లేదు. తర్వాత విజిటర్ వీసాకు వెళ్లినప్పుడు అది మీకు అనుకూలంగా ఉంటుంది. అయితే గత 15 పన్ను సంవత్సరాల్లో ఎనిమిదింటిలో కార్డు ఉన్నవారికి వదులుకునేటప్పుడు ఎగ్జిట్ ట్యాక్స్ నిబంధనలు వర్తిస్తాయి. అప్పులు పోను మొత్తం ఆస్తి 20 లక్షల డాలర్లకు చేరితే ఆ పన్ను పడొచ్చు. రూపాయల్లో అది పదిహేడు కోట్ల పైమాటే, అయినా అమరావతి చుట్టుపక్కల పొలాలున్నవాళ్లకు అందని అంకె కాదు. అలాంటివారు ఎనిమిదో ఏడు మొదలుకాకముందే లాయర్‌తో, సీపీఏతో కలిపి ఒకే సమావేశం పెట్టించుకోవాలి.