టీవీలో బైబిల్ వాక్యమా, యూట్యూబ్‌లోనా?

మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. అమ్మమ్మకి పొద్దున్నే టీవీలో ఆరాధన, శుభవార్త అనే క్రైస్తవ ఛానెళ్లలో ఏదో ఒకటి రావాలి, నాకేమో ఫోన్‌లో యూట్యూబ్ చాలు.

ఈ చిన్న క్రైస్తవ ఛానెళ్ల లెక్క వేరు. చాలా ప్రోగ్రాంలు ఛానెల్ వాళ్లు తీసేవి కావు, సంఘాలు డబ్బు కట్టి అరగంట చొప్పున స్లాట్ కొనుక్కుంటాయి, అందుకే ఒక పాస్టర్ గారు ముగించగానే ఇంకో ఊరి పాస్టర్ గారు మొదలుపెడతారు, కింద ప్రార్థన కోసం ఫోన్ నంబర్ పరిగెడుతూనే ఉంటుంది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకునేలోపే అది మాయం! మంచి వాక్యం తర్వాత గొంతు చించుకునే అరుపులు వచ్చినా భరించాల్సిందే. 2019లో టీవీ ఛానెళ్ల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త రేట్లు పెట్టాక కూడా ఇలాంటి ఫ్రీ ఛానెళ్లకు విడిగా ధర లేదు, కేబుల్ బిల్లు కడితే చాలు.

యూట్యూబ్‌లో నచ్చిన ప్రసంగం ఎంచుకోవచ్చు, వెనక్కి తిప్పి వినొచ్చు. కానీ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంటే మధ్యలో ఏదో ఒక యాడ్ వచ్చి పడుతుంది, అదీ ఫుల్ సౌండ్‌తో.

నా ఓటు యూట్యూబ్‌కే. రిమోట్ మాత్రం అమ్మమ్మ దగ్గరే ఉంది.