న్యుమోనియా అనుమానం: ఎక్స్‌రేనా, అల్ట్రాసౌండా?

జ్వరం, దగ్గు, ఆయాసంతో క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి ముందు ఏది?

ఖర్చు: ఎక్స్‌రే చవక. మెషీన్ ఉన్నచోట అల్ట్రాసౌండ్‌కు అదనంగా అయ్యేది జెల్ ఖర్చే.

శ్రమ: ఎక్స్‌రే గదికి తీసుకెళ్లాలి, ఆక్సిజన్ మీదున్నవాళ్లకు అదే ప్రమాదం. పోర్టబుల్‌తో పడుకోబెట్టి తీస్తే గుండె పెద్దదిగా కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటిమీద ఆనించి చూసే పరికరం) మంచం దగ్గరకే వస్తుంది. కానీ వీపువైపు కింది భాగం చూడాల్సిందే, హడావుడిలో వదిలేసేది అదే.

పొరపాటు: మొదటి గంటల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ప్లూరా (ఊపిరితిత్తి పైపొర) దాకా రాని మచ్చ అల్ట్రాసౌండ్‌కు అందదు. ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా కనిపించి, లోపల తెల్లటి గాలి గీతలు శ్వాసతోపాటు కదిలితే న్యుమోనియా వైపే మొగ్గాలి. కదలకపోతే ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండొచ్చు. రెండు పక్కలా బి-లైన్లే (ప్లూరా నుంచి కిందికి సాగే తెల్లటి నిలువు గీతలు) ఉంటే గుండె సంగతి చూడండి.

ఊపిరితిత్తి చుట్టూ చేరే నీరు: నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో సుమారు 200 మిల్లీలీటర్లు చేరితేగానీ ఎదుటినుంచి స్పష్టంగా తెలియదు. ప్రోబ్‌కు చాలా తక్కువ చాలు.

గర్భిణులు, పిల్లలు, కదపలేని రోగులు: అల్ట్రాసౌండ్. నడవగలిగినవాళ్లకు, టీబీ అనుమానం ఉన్నప్పుడు, ప్రోబ్‌తో చేయి తిరిగిన డాక్టరు లేనప్పుడు: ఎక్స్‌రే. షాక్‌లో (బీపీ ప్రమాదకరంగా పడిపోయి) ఉంటే రెండింటికోసమూ ఆగకండి. కల్చర్‌కు (రక్తంలో సూక్ష్మజీవులను పట్టే పరీక్షకు) రక్తం తీసి, గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.