పిల్లలతో ఆఫ్రికా సఫారీ: క్రూగర్ మేలా, మసాయ్ మారా మేలా?

ఆఫ్రికా అడవులు చూడాలనుకోగానే మనవాళ్లలో చాలామంది ముందు కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యం ప్యాకేజీలే వెతుకుతారు. మారా నదిలోకి మందలు మందలుగా దూకే వైల్డ్‌బీస్ట్‌ల (ఎద్దుల్లా ఉండే పెద్ద జింకల) వీడియోలు చూశాక ఎవరికైనా అక్కడికే పోవాలనిపిస్తుంది. పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లు అడిగితే మాత్రం నేను దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు పేరే చెప్తాను.

కారణం ఒక్కటే. క్రూగర్‌లో అద్దె కారు తీసుకుని మీరే నడుపుకుంటూ తిరగొచ్చు. మనలాగే అక్కడా ఎడమవైపు ప్రయాణం. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. రాత్రి బస చేసే క్యాంపుల్లో, అనుమతి ఉన్న చోట్ల తప్ప కారు దిగకూడదు. జంతువులను వెతికే పని మీదే. ఇంపాలా జింకలన్నీ మేత ఆపేసి, చెవులు నిక్కబొడుచుకుని ఒకే వైపు చూస్తూ బుసకొడుతున్నాయంటే అటు పొదల్లో చిరుతో సింహమో ఉండొచ్చు. ఇంజిన్ ఆపి కూర్చోవాలి. పావుగంట దాకా ఏమీ కనపడకపోవచ్చు, అయినా పిల్లలు కిటికీ దగ్గర నుంచి కదలరు. రోడ్డు మీద మగ ఏనుగు ఎదురైతే ముందు దాని కణతలు చూడండి. కంటికీ చెవికీ మధ్య నుంచి తడి చార దిగుతోందంటే అది మదంలో ఉండొచ్చని అర్థం. తొందరపడకుండా బండి వెనక్కి తీసుకోవాలి. ఇవన్నీ గైడు చెప్తే విని వదిలేస్తాం, మనమే కనిపెడితే ఎప్పటికీ మర్చిపోం.

జంతువులు తేలిగ్గా కనిపించేది మాత్రం మారాలోనే, అందులో సందేహం లేదు. అంతా గడ్డిమైదానం కాబట్టి సింహాల గుంపు దూరం నుంచే కనపడుతుంది. క్రూగర్‌లో పొదలు దట్టం, పది అడుగుల దూరంలో ఉన్న చిరుతను కూడా దాటిపోతాం. అందుకే అక్కడికి మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లాలి. ఆకులు రాలిపోయి ఉంటాయి, జంతువులు నీటి మడుగుల దగ్గరికి చేరతాయి, మలేరియా భయమూ తక్కువే. సతారా క్యాంపు చుట్టుపక్కల సింహాలు ఎక్కువ. లోయర్ సాబీ క్యాంపు పక్కనున్న సన్‌సెట్ డ్యామ్‌లో నీటి గుర్రాలు, మొసళ్లు కారులోంచే కనిపిస్తాయి.

ఖర్చు దగ్గర పోలికే లేదు. మారాలో జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీ పెద్దలకు ప్రవేశ రుసుమే రోజుకు 200 డాలర్లు. క్రూగర్‌లో అందులో నాలుగో వంతు కూడా కాదు. పైగా క్యాంపు కాటేజీల్లో చాలావాటికి వంట సౌకర్యం ఉంటుంది కాబట్టి రాత్రికి అన్నం, పప్పు వండుకోవచ్చు. మారా లాడ్జిల్లోనూ శాకాహారానికి పెద్దగా ఇబ్బంది ఉండదు.

ఆ వైల్డ్‌బీస్ట్‌ల వలస చూడటమే మీ కోరికైతే ఇంకో ఆలోచన వద్దు, మారాకే వెళ్లండి. అంత పెద్ద వైల్డ్‌బీస్ట్ మంద నది దాటడం క్రూగర్‌లో కనపడదు. కాకపోతే ఒడ్డున జీపులు కిక్కిరిసిపోయి జంతువుల దారికే అడ్డు నిలబడుతుంటాయి, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మన బండి అలా పెట్టొద్దని డ్రైవరుకు ముందే గట్టిగా చెప్పండి.

కెన్యా ఖాయం చేసుకుంటే బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోండి. తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.